సవరణ: రెట్రోపైలో కంట్రోలర్ల వరుస

రెట్రోపైలో (చిన్న కంప్యూటర్‌పై పాత వీడియో గేమ్‌లు ఆడించే సాఫ్ట్‌వేర్) ముందు తగిలించిన కంట్రోలరే మొదటి ఆటగాడిదవుతుందని ఇంతకుముందు రాసిన మాట, యంత్రం నడుస్తుండగా ఒక్కొక్కటిగా తగిలించినప్పుడే చాలావరకు వర్తిస్తుంది. అన్నీ తగిలించి ఉండగా పవర్ ఇస్తే, లైనక్స్ (ఆ యంత్రాన్ని నడిపే ఆపరేటింగ్ సిస్టమ్) వాటిని గుర్తించిన వరుసను బట్టే, రెట్రోపైలో ఆటలను నడిపే ప్రోగ్రామైన రెట్రోఆర్చ్‌లో వాటికి 0, 1 అనే సంఖ్యలు పడతాయి. అందుకే మన కర్నూలులో కరెంటు పోయి వచ్చాక, ఒక్కోసారి అన్న చేతిలోని కంట్రోలర్ తమ్ముడి బొమ్మను నడిపిస్తుంది, ఆట మధ్యలో ఉన్న పిల్లలకు అది నిజంగా బాధే. దీన్ని సరిచేయడానికి రెట్రోఆర్చ్ సెట్టింగ్స్‌లో ఇన్‌పుట్ కింద పోర్ట్ 1 కంట్రోల్స్ (మొదటి ఆటగాడివి) తెరిచి, డివైస్ ఇండెక్స్ దగ్గర కావలసిన కంట్రోలర్‌ను ఎంచుకుని, కాన్ఫిగరేషన్‌ను తప్పక సేవ్ చేయాలి. అయితే డివైస్ ఇండెక్స్ గుర్తుపెట్టుకునేది సంఖ్యనే గాని ఫలానా కంట్రోలర్‌ను కాదు కనుక, బ్లూటూత్‌వి వాడేవారు మొదటి ఆటగాడిదాన్నే ముందుగా ఆన్ చేయడం మేలు.