బావమరిది గ్రాంటు

మా ఇంట్లో పూజగదికి వెళ్లాలంటే ముందు ఒక గేదెను పక్కకి జరపాలి. కాన్వాసు మీది గేదె, నాలుగడుగులు. రంగు ఇంకా ఆరలేదు కనక అంచులు పట్టుకుని జరపాలి. మొన్న మా ఆవిడ మరచిపోయి ఆనుకుంది, కొత్త చీర కొంగుకి ఒక కొమ్ము వచ్చేసింది. "ఉంచుకో అక్కా, సంతకం పెట్టిస్తా" అన్నాడు మా బావమరిది. ఏడాది పైగా మా పప్పుచారులో టర్పెంటైన్ వాసన. ఇంటికొచ్చిన చుట్టాలు ఇంగువ మార్చారా అని అడుగుతున్నారు.

ఇది ఫిర్యాదు అనుకునేరు. ఒక సంస్థ వార్షిక నివేదిక అనుకుని చదవండి. ఈ దేశంలో చిత్రకారులకు నీడ కల్పిస్తున్న అతి పురాతన సంస్థ పేరు బావగారు. దరఖాస్తు లేదు, ఇంటర్వ్యూ లేదు. వంటింట్లోంచి అక్క ఒక చూపు చూస్తే గ్రాంటు మంజూరు. కాలపరిమితి కూడా అక్కే చెప్పాలి, ఇంతవరకు చెప్పలేదు.

ఇలా ఉండగా పోయిన నెల ఒక దాతృత్వ సంస్థ (పేరెందుకు లెండి) "ఖరీదైన నగరాల్లో చిత్రకారులకు స్థిర నివాస సాయం" ప్రకటించింది. వాడికంటే నేనే ఎక్కువ ఎగిరాను. గ్రాంటొస్తే వాడికి ఇల్లొస్తుంది, నాకు నా ఇల్లొస్తుంది.

ఫారం 14 పేజీలు. ఆరో కాలమ్‌లో, గత మూడేళ్లుగా ఒకే ఇంట్లో ఉంటున్నట్టు అద్దె ఒప్పందం జతచేయాలట. మన దగ్గర అద్దె ఒప్పందానికి సంవత్సరమంటే 11 నెలలని పసిపిల్లాడికి కూడా తెలుసు. ఏడాది దాటితే రిజిస్ట్రేషన్ అని ఓనర్ల లెక్క, ఆ ఖర్చూ తలనొప్పీ వాళ్లకెందుకు? మావాడి దగ్గర అలాంటివి నాలుగున్నాయి, అన్నీ హైదరాబాదులోనే: బండ్లగూడ, అత్తాపూర్, మియాపూర్, పుప్పాలగూడ. నాలుగిళ్లు మారినవాడికి స్థిరత్వం లేదని తిప్పిపంపారు. స్థిరంగా ఉన్నవాడికి స్థిరత్వం ఇచ్చే పథకమన్నమాట.

హెల్ప్‌లైన్‌కి నేనే ఫోన్ చేశాను. ఎంత మర్యాదగా మాట్లాడిందో ఆ అమ్మాయి!

"అప్లికెంట్ ఇప్పుడు అద్దె కడుతున్నారా సార్?"

"లేదమ్మా, మా ఇంట్లో ఉంటున్నాడు."

"అంటే ఆయనకి అద్దె భారం లేదు."

"భారం ఉందమ్మా. నా మీద ఉంది."

"మీరు ఆర్టిస్టా సార్?"

"కాదు."

"అయితే మీరు ఎలిజిబుల్ కాదు సార్. ఆయనకి అవసరం లేదు. ఇంకేమైనా సహాయం కావాలా?"

కావాలన్నాను. వాడు రేపే బయటికెళ్లి అద్దెకి దిగితే? దిగొచ్చు, కానీ అద్దె కట్టలేక ఇబ్బంది పడుతున్నాడని ఇంటి ఓనరు లెటర్‌హెడ్ మీద రాసివ్వాలట. కట్టలేడని ముందే తెలిస్తే ఏ ఓనరిస్తాడమ్మా ఇల్లు, అన్నాను. "దానికి ఫార్మాట్ ఉంది సార్, మెయిల్ చేస్తాం" అంది.

ఓనర్ల సంగతి మీకు చెప్పక్కర్లేదు. బ్యాచిలర్లకి ఇవ్వబడదు, మాంసాహారులకి ఇవ్వబడదు, కుక్కలున్నవాళ్లకి ఇవ్వబడదు అని గేటుకి బోర్డు తగిలిస్తారు. బొమ్మలేసేవాళ్ల మాట అందులో ఉండదు. ఎందుకంటే ఆ బోర్డు రాసిపెట్టింది మావాడే. రాయించుకుని, ఎంత బాగా రాశావయ్యా అని మెచ్చుకుని, ఇల్లు మాత్రం సాఫ్ట్‌వేర్ కుర్రాడికిచ్చారు.

సర్కారు పథకాలు లేవా అంటారు. ఎందుకు లేవు? వృద్ధ కళాకారులకు కేంద్రం నెలకి 6,000 దాకా ఇస్తుంది. వయసు 60 దాటాలి, ఏడాది ఆదాయం 72,000 మించకూడదు. అంటే నెలకి ఆరువేల లోపు సంపాదనతో అరవై ఏళ్లు బతికి చూపించాలి. మావాడికి 38. ఇంకో 22 ఏళ్లు గేదెను జరుపుతూ ఉంటాను.

న్యూయార్క్‌లో బెల్ టెలిఫోన్ వాళ్ల పాత ప్రయోగశాలని 1970లో కళాకారుల ఇళ్లుగా మార్చారు, వెస్ట్‌బెత్ అని. దాదాపు 380 ఇళ్లు. దిగినవాళ్లు కదలరు కదా, 2007కల్లా వెయిటింగ్ లిస్టే మూసేయాల్సొచ్చింది. మన పక్కనే మద్రాసులో 1966లో చిత్రకారుడు పణిక్కర్ గారు, ఆయన శిష్యులు గ్రాంటు కోసం చూడకుండా బాతిక్ (మైనం అద్దకం) బట్టలు చేసి అమ్మి, ఇంజంబాక్కంలో సముద్రం పక్కన స్థలం కొని చోళమండలం అని కళాకారుల ఊరే కట్టుకున్నారు. ఇప్పుడా ఈస్ట్ కోస్ట్ రోడ్డు మీద స్థలం కొనాలంటే ఎన్ని బాతిక్ లుంగీలు అమ్మాలో ఎవరైనా లెక్కేసి చెప్పండి.

ఢిల్లీలో సర్కారే పేరున్న కళాకారులకి తక్కువ అద్దెకి ఇళ్లిచ్చింది ఒకప్పుడు. 2014లో గడువు అయిపోయిందన్నారు. 2020లో 27 మందికి ఖాళీ చేయమని నోటీసులిచ్చారు. చిత్రకారుడు జతిన్ దాస్ ఉన్నారు అందులో, కథక్ గురువు బిర్జూ మహరాజ్ ఉన్నారు, మన కూచిపూడి గురువు జయరామారావు గారూ ఉన్నారు. కోర్టు కూడా ఖాళీ చేయాల్సిందేనంది. కాగితం ప్రకారం అంతా సక్రమం, ఒప్పుకుంటున్నాను. 2022 ఏప్రిల్‌లో ఏషియన్ గేమ్స్ విలేజ్‌లో ఒడిస్సీ గురువు మాయాధర్ రౌత్ ఇంటి సామాను తీసుకొచ్చి వీధిలో పడేశారు. ఆయనకి అప్పటికి 90 దాటాయి. ఆ సామానులో పద్మశ్రీ ప్రశంసాపత్రం ఉంది. రాష్ట్రపతి సంతకం చేసిన కాగితం, రోడ్డు మీద, ఎండలో. ఎత్తి పక్కన పెట్టే చెయ్యి ఒక్కటి కూడా లేదా? తొంభై ఏళ్ల మనిషిని బయటికి పంపి ఆ ఇల్లు తీసుకుంటే గానీ సర్కారుకి గడవదా? బిరుదిచ్చేటప్పుడు నిలబడి చప్పట్లు కొట్టారు కదయ్యా, ఆ కాగితాన్ని గోడకి కొట్టాలంటే ముందు గోడ ఉండాలని తోచలేదా? సిగ్గులేని పని. ఇంకో మాట దొరకడం లేదు నాకు.

సరే, ఫారం దగ్గరికొద్దాం. చివరి పేజీలో శాశ్వత చిరునామా అడిగారు. నా అడ్రసు రాయరా అన్నాను. "మీ ఇల్లు నాకు శాశ్వతమా బావా?" అన్నాడు. నేను జవాబు చెప్పలేదు, లోపల్నుంచి మా ఆవిడ వింటోంది.

అత్తాపూర్ వైపు పీవీ ఎక్స్‌ప్రెస్‌వే ఫ్లైఓవర్ కింద అందరి అడ్రసులూ పిల్లర్ నంబర్లే. అక్కడో పిల్లర్‌కి మావాడు చదరపు అడుగుకింత అని మాట్లాడుకుని బొమ్మ వేశాడు. మండువా లోగిలి, తులసికోట, వసారాలో పడక్కుర్చీ. బిల్లు సగమే వచ్చింది గానీ బొమ్మ మాత్రం కదలకుండా ఉంది. శాశ్వత చిరునామా గడిలో ఆ పిల్లర్ నంబరు రాసి పంపించేశాడు.

నిన్న మధ్యాహ్నం భోజనాల దగ్గర వాడి ఫోన్ మోగింది. కొరియర్ కుర్రాడు.

"అన్నా, పిల్లర్ కాడున్న. లెటర్ ఒచ్చింది నీకు. ఏ ఫ్లోర్?"

మావాడు పప్పుచారు కలుపుకుంటూ చెప్పాడు: "గ్రౌండ్ ఫ్లోరే భయ్యా. వసారాలో కుర్చీ ఉంటుంది చూడు, దాని మీద పెట్టెయ్."