రాకాసి బల్లిని నమ్మడం మానేశారు

డైనోసార్ల మీద తీసే జురాసిక్ వరుసలో ఏడో సినిమా 2025 జూలైలో వచ్చినప్పుడు మా అమ్మాయిని తీసుకుని తిరుపతిలో తెలుగు డబ్బింగ్ ఆటకు వెళ్లాను. ఏడో తరగతి పిల్ల. ఆఖరి అరగంటలో తెర నిండా ఒక వికార రూపం లేచింది. ఉబ్బిపోయిన తల, కాళ్లూ చేతులూ కలిపి ఆరు, ప్రయోగశాలలో ఏదో తేడా కొట్టి పుట్టిన జీవం. పిల్ల నా చెవి దగ్గరికి వంగి, "నాన్నా, ఇది నిజంగా ఉన్నిందా?" అని అడిగింది. లేదమ్మా, సినిమావాళ్లు కల్పించింది అన్నాను. "ఓ" అని వెనక్కి వాలి, పాప్‌కార్న్ డబ్బా అడుగున మిగిలిన పేలని గింజలు ఏరడం మొదలుపెట్టింది. మళ్లీ తల ఎత్తింది లైట్లు వేశాకే.

జురాసిక్ సినిమాలకు ఏమైందని ఎవరైనా అడిగితే నేను ఆ "ఓ" గురించే చెబుతాను. ఈ వరుసలో ఏ సినిమా వచ్చినా మొదటి వారంలోనే చూసినవాణ్ని. ఇన్నేళ్లుగా పెంచుకున్న ఇష్టం కళ్లముందే చల్లారిపోయింది కాబట్టే ఇంత కోపంగా రాస్తున్నాను.

అందరూ చెప్పే కారణం ఒకటే. ఎక్కువైపోయాయి, మొహం మొత్తింది. అదే దీవి, అదే పరుగు, అవే కేకలు, ఎన్నిసార్లని చూస్తారు జనం అంటారు. చిత్తూరు జిల్లాలో పుట్టి పెరిగినవాళ్ల దగ్గర ఈ వాదన నిలవదు.

ఎండాకాలం వస్తే మా పల్లెల్లో ధర్మరాజుల గుళ్ల ముందు భారతం పెడతారు. పద్దెనిమిది రోజులు. పగలు హరికథ, రాత్రి తెల్లవార్లూ నాటకం. అర్జునుడు తపసు మాను ఎక్కిన రోజున, పైనుంచి ఆయన విసిరే నిమ్మకాయల కోసం, విబూది కోసం పిల్లల్లేని ఆడవాళ్లు తడిబట్టలతో మాను కింద సాగిలపడి ఉంటారు. ఆఖరి రోజు మైదానంలో మట్టితో చేసిన దుర్యోధనుడు వెల్లకిలా పడుకుని ఉంటాడు. భీముడు తొడ మీద కొడతాడని చంకలో పిల్లోడికి కూడా తెలుసు. మా అవ్వ అరవై ఏళ్లకు పైగా ఏటా చూసింది. అయినా ద్రౌపది వెంట్రుకలు ముడేసే ఘట్టం దగ్గర పడుతుంటే పక్కనున్నవాళ్లను మాట్లాడనిచ్చేది కాదు. "గమ్మునుండండ్రా, ఇప్పుడు ముడేస్తాది" అని చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకునేది. ముడేశాక ఏడ్చేది. ఏటా ఏడ్చేది.

తాతయ్యగుంట గంగమ్మ జాతరలో బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం, దొర వేషం ఏటా అవే. దాక్కున్న పాలెగాడు గంగమ్మ దొర వేషానికి మోసపోయి బయటికొస్తాడని తెలియనివాళ్లు తిరుపతిలో లేరు. తెలిసే పోతారు. శ్రీహరికోట నుంచి 2025 జనవరి 29న వందో రాకెట్ ప్రయోగం జరిగింది. సూళ్లూరుపేటలో జనం ఇప్పటికీ మిద్దెలెక్కి చూస్తూనే ఉన్నారు. వందసార్లు చూసినా మొత్తని మొహం ఏడుసార్లకే మొత్తిందంటే తప్పు లెక్కలో లేదు.

మొదటి సినిమా చూసినప్పుడు నాకు పదకొండేళ్లు. మాది రేణిగుంట. రైల్వేలో పనిచేసే మా మామ బస్సులో తిరుపతికి తీసుకెళ్లాడు. ఇంగ్లిష్ మాటలు ఇద్దరికీ సగం అర్థం కాలేదు. వానలో ఆగిపోయిన కారు, ముందుపక్క ప్లాస్టిక్ గ్లాసుల్లో నీళ్లు. ఎక్కడో దూరాన ఒక అదురు. నీళ్ల నడుమ చిన్న వలయం పుట్టి అంచుకు పోయింది. మళ్లీ అదురు, మళ్లీ వలయం. మామ నా మోచెయ్యి గట్టిగా పట్టుకుని "వస్తా ఉందిరా" అన్నాడు. ఇంటికొచ్చాక ఇత్తడి చెంబు నిండా నీళ్లు పోసి కిటికీ గూట్లో పెట్టాను. మా ఇల్లు పట్టాలకు దగ్గర. పొద్దుపోయాక కడప వైపు పోయే గూడ్సు బండి వచ్చింది. చెంబులో అదే వలయం. ఆ చప్పుడు రోజూ వినేదే. ఆ రాత్రి మాత్రం అమ్మ పక్కలో దూరి దుప్పటి ముసుగెట్టుకున్నాను. గ్లాసులో ఆ వలయం రావడానికి కారు ముందుభాగం కింద గిటారు తీగ బిగించి మీటారని చాలా ఏళ్ల తర్వాత చదివాను. అది తెలిశాక ఆ సన్నివేశం మీద ప్రేమ ఇంకా పెరిగింది.

ఆ సినిమా నిడివి 127 నిమిషాలు. అందులో డైనోసార్లు కనిపించేది సుమారు 15 నిమిషాలే. అందులోనూ కంప్యూటర్ బొమ్మలు 6 నిమిషాలకు అటూ ఇటూ, మిగతావి కదిలే బొమ్మలు చేసే స్టాన్ విన్‌స్టన్ బృందం చేత్తో కట్టినవి. టి. రెక్స్, అంటే టైరనోసారస్ అనే వేట డైనోసార్ బొమ్మ పొడవు 12 మీటర్లు. వాన సన్నివేశం తీసేటప్పుడు దాని రబ్బరు చర్మం నీళ్లు పీల్చుకుని బరువెక్కి వణికిపోయేదట. షాటుకీ షాటుకీ మధ్య తువ్వాళ్లతో అద్ది ఆరబెట్టేవారు. దాని గర్జన కోసం శబ్దాలు కూర్చిన గ్యారీ రైడ్‌స్ట్రామ్ ఏనుగు పిల్ల ఘీంకారాన్ని, పులి, మొసళ్ల గొంతులతో కలిపాడు. అంతా బతికున్న జంతువుల గొంతులే. ఇంకో సన్నివేశంలో ట్రైసెరాటాప్స్ అనే మూడు కొమ్ముల డైనోసార్ జబ్బు చేసి పడిపోయి ఉంటుంది. శాస్త్రవేత్తలు మోకాళ్ల మీద కూర్చుని నాలుక చూస్తారు, కళ్లు చూస్తారు, చేతులకు తొడుగులేసుకుని పేడకుప్పలో వెతుకుతారు. పడిపోయిన ఆవును పశువుల డాక్టరు చూసేది అచ్చం అలాగే. ఆ సినిమాకు డైనోసారంటే తిని, పేడ వేసి, జబ్బుపడి, గుడ్డు పెట్టే జంతువు. ఆ నమ్మకమే మా మామకూ నాకూ సోకింది.

ఈ విషయంలో అసలు దెబ్బ ఎక్కడ తగిలిందో ఎవరూ గట్టిగా చెప్పరు. 1993 నాటి ఆ మొదటి సినిమా విజ్ఞానశాస్త్రంతో కలిసి నడిచింది. శిలాజ శాస్త్రవేత్త జాన్ ఆస్ట్రమ్ 1964లో అమెరికాలోని మోంటానాలో డైనోనికస్ అనే డైనోసార్ ఎముకలు తవ్వి, 1969లో వాటి గురించి రాసేదాకా లోకం డైనోసార్లను మందకొడి బల్లులనే అనుకుంది. కాదు, చురుకైన వేటగాళ్లు, పక్షులకు చుట్టాలు అని ఆయన పట్టుబట్టాడు. ఇరవై ఏళ్లుగా పండితులు వాదించుకుంటున్న ఆ మాటను జాక్ హార్నర్ లాంటి శాస్త్రవేత్తను సలహాదారుగా పెట్టుకుని ఆ సినిమా మూడు గంటల్లోపు లోకానికి చెప్పేసింది. రేణిగుంట పిల్లోడి దాకా చేరింది. వినోదం కోసం తీసిన సినిమా అంత పని చేయడం మామూలు సంగతి కాదు.

తర్వాత ఏమైంది? 1996లో చైనాలో సైనోసారాప్టెరిక్స్ అనే డైనోసార్ శిలాజం బయటపడింది, ఒంటి మీద నూగు ఈకలతో. 2007లో వెలాసిరాప్టర్ ముంజేతి ఎముక మీద ఈకలు నాటుకునే బుడిపెలు కనిపించాయి. సినిమాలో మనిషెత్తు లేచే ఆ జంతువు అసలు పరిమాణం టర్కీ కోడి అంతే. 2010 నాటికి సైనోసారాప్టెరిక్స్ తోక మీద ఇటుక రంగు, తెలుపు పట్టీలు ఉండేవని కూడా చెప్పగలిగారు. పన్నెండు కోట్ల ఏళ్ల కిందటి తోక రంగు! ఇంతకన్నా పెద్ద కథ ఏ రచయిత రాయగలడు? ఆ సంపదంతా చేతికందే దూరంలో ఉంటే 2015లో వచ్చిన నాలుగో సినిమా అవే బోడి చర్మాలను మళ్లీ తెర మీదికి తెచ్చింది. ఒళ్లంతా ఈకలున్న రాప్టర్‌ను చూపించేసరికి 2022 అయింది. జనానికి అలవాటైన బొమ్మను మారిస్తే టికెట్లు తెగవని భయపడ్డారు. శాస్త్రం పరిగెడుతుంటే సినిమా బొమ్మల దుకాణం దగ్గర ఆగిపోయింది.

ఆగిపోయినవాళ్లకు కొత్తదనం కావాలిగా. అందుకని కొత్త జంతువులను వండడం మొదలుపెట్టారు. 2015లో ఇండోమినస్, 2018లో ఇండోరాప్టర్, 2022లో మిడతల దండు, 2025లో ఆరు అవయవాల ఈ శాల్తీ. ఇప్పుడు డైనోసారును చూసి ఎవరూ ఆశ్చర్యపోవడం లేదని 2015 సినిమాలో ఒక పాత్ర చేతే అనిపించారు. ఏడో సినిమాలో ఆసక్తి లేక మ్యూజియం మూతపడుతుంటుంది. తీసేవాళ్లకే తమ జంతువు మీద గురి తప్పిందనడానికి వేరే సాక్ష్యం అక్కర్లేదు. భారతం మేళంలో భీముడి వేషగాడు గద దించి, ఈ దుర్యోధనుడు మీకు పాతబడ్డాడు కదా, ఇంకో రెండు తలలు పెట్టిస్తామని అంటే మా అవ్వ లేచి ఇంటికి పోయేది.

ఇదంతా పాత మనిషి చాదస్తమని అనేవాళ్లున్నారు. సినిమా బడి కాదు, కథలోనే జన్యువులు కలిపి తయారుచేశామని చెప్పాక ఈకల లెక్క ఎందుకు, పైగా వసూళ్లు చూడండి అంటారు. చూద్దాం. నాలుగో సినిమాకు లోకమంతా కలిపి సుమారు 167 కోట్ల డాలర్లు, అయిదోదానికి 131 కోట్లు, ఆరోదానికి 100 కోట్లు, ఏడోదానికి 87 కోట్లకు అటూ ఇటూ. ఒక్కో మెట్టూ దిగుతూనే ఉంది. జన్యువుల సాకు చెప్పి ఏ ఆకారమైనా తెచ్చి నిలబెట్టొచ్చు, కానీ మా అమ్మాయి అడిగిన ప్రశ్నకు ఆ సాకు జవాబు కాదు.

నాకు అసలు బాధ హాలీవుడ్ గురించి కూడా కాదు. మన పిల్లలకు టైరనోసారస్, బ్రాకియోసారస్ అన్న పేర్లు నోటికి వచ్చు. కోటసారస్ పేరు ఎంతమందికి తెలుసు? గోదావరి, ప్రాణహితల లోయలో యామన్‌పల్లి దగ్గర కనీసం 12 జంతువుల ఎముకలు ఒకేచోట దొరికాయి. 1988లో దానికి కోటసారస్ యామన్‌పల్లియెన్సిస్ అని పేరు పెట్టారు. తెలుగు పల్లె పేరు మోస్తున్న డైనోసార్ అది. హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో దాని అస్థిపంజరం నిలబెట్టి ఉంది. జురాసిక్ అని పేరు పెట్టుకున్న సినిమాల్లో హీరో టి. రెక్స్ నిజానికి ఆ తర్వాతి క్రెటేషియస్ కాలంది. మన కోటసారస్ అసలు సిసలు జురాసిక్ జంతువు, 18 కోట్ల ఏళ్ల మాట. టి. రెక్స్‌కూ మనకూ మధ్య ఉన్న కాలం కన్నా కోటసారస్‌కూ టి. రెక్స్‌కూ మధ్య ఉన్న కాలమే ఎక్కువ. ఈ ఒక్క వాక్యం చెబితే చాలు, తరగతిలో పిల్లలు నోళ్లు తెరుస్తారు. చెప్పేవాళ్లేరి? తెలుగులో రాసిపెట్టిన పుస్తకమేది?

అంత దూరం ఎందుకు, తిరుమల ఘాట్ రోడ్డు చాలు. రోజూ వేలమంది గోవిందా అంటూ దాటిపోయే ఆ కొండ పక్కలో కింద ఉన్న గ్రానైట్ వయసు 210 కోట్ల ఏళ్లు, దాని మీద పరుచుకున్న నగరి క్వార్జైట్ వయసు 160 కోట్ల ఏళ్లని జియలాజికల్ సర్వే లెక్క. రెండు రాళ్లూ ఒకదాన్నొకటి తాకే గీత దగ్గర 50 కోట్ల ఏళ్ల చరిత్ర కొట్టుకుపోయింది. భూమ్మీద డైనోసార్లు ఏలిన కాలమంతా ఆ గీతలో ఇంచుమించు మూడుసార్లు పడుతుంది. శిలాతోరణం లాగే అదీ జాతీయ భూగర్భ స్మారకమే. శిలాతోరణం దగ్గర ఫొటోలైనా దిగుతారు. ఈ గీతను బస్సు కిటికీలోంచి చూపించి ఇదిగో అని చెప్పే పెద్దవాళ్లు వెయ్యిమందిలో ఒక్కరున్నా గొప్పే. నాకూ నలభై దాటాకే తెలిసింది. చిన్నప్పటినుంచీ ఆ దారిలో ఎన్నిసార్లు కొండెక్కానో లెక్కలేదు, ఒక్క మాస్టారూ చెప్పలేదు. ఇంజనీరింగ్ సీటుకు పనికిరాని రాయి ఎవరికి కావాలి అన్నట్టే మా చదువు సాగింది.

ఆశ్చర్యం దిగుమతి సరుకైపోయింది మనకు. పంపేవాడు కల్తీ చేస్తే పిల్లలు "ఓ" అని ఊరుకుంటున్నారు, మనం పిల్లలకే దేనిమీదా ఆసక్తి లేదని తిడుతున్నాం.

ఆ రోజు ఆట వదిలాక కరకంబాడి రోడ్డు మీద స్కూటర్ ఆపి టీ తాగుతూ ఫోన్‌లో కోటసారస్ అస్థిపంజరం ఫొటో తీసి మా అమ్మాయికి చూపించాను. రెండు వేళ్లతో పెద్దది చేసి మెడ దాకా పోయింది. తలకాయ దగ్గర ఆగింది. అది బొమ్మ తలకాయమ్మా, మిగతా ఎముకలు చాలా దొరికాయి గానీ పుర్రె దొరకలేదు అన్నాను. కాసేపు ఏమీ అనలేదు. స్కూటర్ ఎక్కి రేణిగుంట దారి పట్టాక వెనకనుంచి భుజం తట్టింది.

"నాన్నా, అయితే దాని తలకాయ ఇంకా ఆ ఊరి మట్టిలోనే ఉంటాదా?"

ఉండొచ్చు అన్నాను. ఎవరన్నా తవ్వుతా ఉండారా అని అడిగింది.