ఆ నెల రోజులను ఎవరు మింగేశారు?

మా అక్క కూతురు నిన్న సాంఘికశాస్త్రం పరీక్ష పేపరు తెచ్చి నా చేతిలో పెట్టింది. "మొదటి ప్రపంచ యుద్ధానికి కారణమేమి?" అన్న ప్రశ్నకు ఆ పిల్ల రాసిన జవాబు ఇది: "యువరాజు హత్యను సాకుగా తీసుకుని సెర్బియాను అణచాలని ఆస్ట్రియా నిర్ణయించుకోవడం, దానికి జర్మనీ అండగా నిలవడం." ఆ వాక్యం మీద అడ్డంగా ఎర్ర సిరా గీత, పక్కన సున్నా. కింద ఉపాధ్యాయుడు తన చేత్తో రాసిన సరైన జవాబు: "ఆస్ట్రియా యువరాజు ఫెర్డినాండ్ హత్య." నేను రాసింది తప్పా మామయ్యా అని అడిగింది. బడికి ఫోను చేశాను. పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు రాస్తేనే మార్కు అన్నారు.

అప్పటి నుంచి నాకు ఒళ్ళు మండుతూనే ఉంది. సున్నా గురించి కాదు. కోటిన్నర మందికి పైగా ప్రాణాలు తీసిన యుద్ధాన్ని ఒక కుర్రాడి పిస్తోలు మీదకు నెట్టేసి, దాన్ని కావాలని తెచ్చిపెట్టిన పెద్దమనుషులందరినీ మన పాఠాలు నిర్దోషులుగా వదిలేస్తున్నందుకు. టీవీల్లోనూ ఇదే పాట. ఎక్కడ క్షిపణి పడ్డా, వెంటనే ఒక విశ్లేషకుడు గొంతు సవరించుకుని "1914లో ఒక్క తూటా ప్రపంచాన్ని తగలబెట్టింది" అంటాడు. తూటా తగలబెట్టలేదండీ. తూటా పేలింది జూన్ 28న. ఆస్ట్రియా సెర్బియా మీద యుద్ధం ప్రకటించింది జూలై 28న. సరిగ్గా నెల. ఆ నెల రోజులు ఏమైపోయాయి? ఎవరు మింగేశారు?

అప్పట్లో ఆస్ట్రియా పాలనలో ఉన్న బోస్నియా రాజధాని సరాయెవోలో ఆ ఉదయం జరిగిందంతా సినిమా కథలా చెబుతారు కాబట్టి అందరికీ తెలుసు. నది పక్క రోడ్డు మీద హత్యకు కాచుకున్న కుర్రాళ్ళలో ఒకడైన చాబ్రినోవిచ్ విసిరిన బాంబు వెనక కారు దగ్గర పేలింది. యువరాజు పురమందిరానికి వెళ్ళి ఉపన్యాసం విని, గాయపడినవారిని చూడటానికి మళ్ళీ బయలుదేరాడు. మారిన దారి సంగతి డ్రైవరుకు చెప్పలేదు, లాటిన్ వంతెన దగ్గర కారు తప్పు మలుపు తిరిగి ఆగింది, అక్కడే నిలబడి ఉన్న అదే జట్టులోని 19 ఏళ్ళ గవ్రిలో ప్రిన్సిప్ కాల్చాడు. ఫెర్డినాండ్, భార్య సోఫీ ఇద్దరూ పోయారు. ఆ కుర్రాళ్ళ చేతికి ఆయుధాలు అందడం వెనుక సెర్బియా సైనిక గూఢచారి విభాగం అధిపతి హస్తం ఉంది. అది నేరం. కాదని ఎవరూ అనడం లేదు.

కానీ ఆ చనిపోయిన మనిషి మీద ఆస్ట్రియా రాజధాని వియన్నాలోని దర్బారుకు ఎంత ప్రేమ ఉండేదో కూడా చెప్పండి మరి పిల్లలకు! సోఫీ రాజవంశపు పిల్ల కాదని ఆమెను బతికున్నంత కాలం విందుల్లో భర్త పక్కన కూర్చోనివ్వలేదు. పోయాక కూడా ఆమె శవపేటికను భర్త పేటిక కన్నా తక్కువ ఎత్తులో పెట్టి, దాని మీద తెల్లటి చేతి తొడుగులు, ఒక విసనకర్ర ఉంచారు. ఒకప్పుడు ఆమె రాచకుటుంబంలో పరిచారికగా ఉండేదన్న గుర్తు అది. శవపేటికకు కూడా స్థాయి చూసిన మనుషులు వీళ్ళు. వీళ్ళకు ఆ దంపతుల కోసం గుండె పగిలి యుద్ధానికి వెళ్ళారట, మనం నమ్మాలట.

ఇంకా మండిపోయే సంగతి ఒకటుంది. సెర్బియాతో యుద్ధం వద్దని ఆ దర్బారులో గట్టిగా అడ్డుపడుతూ వచ్చింది ఫెర్డినాండే. సైన్యాధిపతి కాన్రాడ్ ఒక్క 1913లోనే ఇరవైకి పైగా సార్లు సెర్బియా మీద దాడి చేద్దామని అడిగాడు. ప్రతిసారీ కాదన్నవాళ్ళలో ముందు వరుసలో ఉన్నది ఈ యువరాజు. ఆయన పోవడంతో కాన్రాడ్‌కు కాగల కార్యం గంధర్వులే తీర్చినట్టయింది. యుద్ధాన్ని ఆపుతున్న మనిషి చావునే యుద్ధానికి కారణమని పిల్లల చేత బట్టీ పట్టిస్తున్నాం.

ఇక ఆ జూలై నెల సంగతి వినండి. 5వ తేదీన ఆస్ట్రియా దూత బెర్లిన్ చేరాడు. అదే రోజు పొట్స్‌డామ్‌లో జర్మనీ చక్రవర్తి కైజర్ విల్‌హెల్మ్, మీరు ఏం చేసినా మేమున్నామని మాట ఇచ్చాడు. మరునాడు హాయిగా ఓడెక్కి ఉత్తర సముద్ర విహారానికి వెళ్ళిపోయాడు. 7న వియన్నాలో మంత్రుల సమావేశం. ఆస్ట్రియాతో కలిసి ఒకే సామ్రాజ్యంగా ఉన్న హంగేరీ ప్రధాని టిసా ఒక్కడే అడ్డం చెప్పాడు, వారం తిరిగేసరికి అతనూ తల ఊపాడు. సెర్బియా ఒప్పుకోలేని షరతులే పెట్టాలని ముందే అనుకున్నారు. ఫ్రాన్సు అధ్యక్షుడు పొయన్‌కారే ఆ సమయానికి రష్యా రాజధానిలో అతిథిగా ఉన్నాడు. ఆయన అక్కడుండగా సెర్బియాకు ఆ షరతుల పత్రం ఇస్తే మిత్రదేశాలైన రష్యా, ఫ్రాన్సు కూర్చుని మాట్లాడుకుంటాయి కదా, అందుకని ఆయన ఓడెక్కే రోజు దాకా ఆగి జూలై 23 సాయంత్రం 6 గంటలకు అందించారు. గడువు 48 గంటలు. ఇది దుఃఖంలో చేసే పనా? గడియారం చూసుకుని చేసే పని.

సెర్బియా దాదాపు అన్నీ ఒప్పుకుంది. ఆస్ట్రియా అధికారులు తమ దేశంలోకి వచ్చి హత్య విచారణలో పాల్గొనడం మాత్రం తమ రాజ్యాంగానికి విరుద్ధమంది. 25వ తేదీ సాయంత్రం ఆరు కావస్తుండగా ప్రధాని పషిచ్ ఆ జవాబును స్వయంగా తెచ్చి ఆస్ట్రియా రాయబారి గీజ్ల్ చేతికిచ్చాడు. గీజ్ల్ దాని మీద ఒకసారి కళ్ళు తిప్పాడు. ఆయన సామాను అప్పటికే సర్దేసి ఉంది. ఆరున్నర రైలుకు సెర్బియా రాజధాని బెల్‌గ్రేడ్ వదిలి వెళ్ళిపోయాడు. దేశాల తలరాత తేల్చే పత్రానికి అరగంట కూడా ఇవ్వలేదు! యుద్ధానికి కారణం అడిగితే నేను ఆ సర్దిన పెట్టెలను చూపిస్తాను.

పొలం గట్టు తగాదాలో ఎవడో అవతలి వాళ్ళ కుర్రాడు మన మనిషిని కొట్టి చంపాడనుకోండి. పెద్దలు వచ్చి దోషిని అప్పగిస్తాం, తప్పు ఒప్పుకుంటాం అన్నారు. అయినా వినకుండా వాళ్ళ ఇల్లు తగలబెడితే, ఊరంతా అంటుకుంటే, ఆ మంటకు కారణం ఎవరు? ఏ ఊళ్ళో రైతునడిగినా సరిగ్గా చెబుతాడు. పుస్తకాలు రాసేవాళ్ళకే అర్థం కాదు.

విహారం నుంచి తిరిగి వచ్చిన కైజర్ సెర్బియా జవాబును 28వ తేదీ ఉదయం చదివాడు. ఇక యుద్ధానికి కారణమే లేదని దాని మీద తనే రాశాడు. అదే రోజు ఆస్ట్రియా ఒక టెలిగ్రాంతో యుద్ధం ప్రకటించింది. తెల్లవారేలోపు బెల్‌గ్రేడ్ మీద గుండ్లు పడ్డాయి. ఆ తర్వాత అందరూ ఒకరిని మించి ఒకరు. సెర్బియాకు అండగా రష్యా చక్రవర్తి జార్ సర్వసైన్య సమీకరణకు సంతకం పెట్టి, వెనక్కి తీసుకుని, 30న మళ్ళీ ఒప్పుకున్నాడు. జర్మనీ ఆగస్టు 1న రష్యా మీద, 3న ఫ్రాన్సు మీద యుద్ధం ప్రకటించింది. మధ్యలో ఒక్క క్షణం కైజర్ భయపడి, ఫ్రాన్సును వదిలేసి తూర్పున రష్యా మీదకే వెళదామన్నాడు. లక్షల మంది సైన్యం కదలిక ఇప్పుడు మార్చడం కుదరదని సేనాపతి మోల్ట్‌కే మొండికేశాడు. రైళ్ళ పట్టిక చెడిపోతుందట! 4వ తేదీన జర్మన్ సేనలు తటస్థ దేశమైన బెల్జియంలో అడుగుపెట్టాయి. 1839 ఒప్పందం కింద దాని తటస్థతకు హామీ ఇచ్చిన దేశాల్లో జర్మనీకి ముందున్న ప్రష్యా కూడా ఒకటి. ఆ రాత్రే బ్రిటన్ దిగింది.

వద్దని అరిచినవాళ్ళు లేరనుకోకండి. ఫ్రాన్సు సోషలిస్టు నాయకుడు జాన్ జోరెస్ చివరి వరకూ కాళ్ళరిగేలా తిరిగాడు. జూలై 31న పారిస్‌లో ఒక కాఫీ హోటల్లో భోంచేస్తుంటే కిటికీ బయటి నుంచి కాల్చి చంపారు. ఇదీ తూటాయే కదా. దీని పేరు ఏ పరీక్షలోనూ రాదేం?

నెల తిరగకుండానే ఏమైందో చూడండి. బెల్జియంలో లూవెన్ విశ్వవిద్యాలయ గ్రంథాలయం బూడిదైంది. అక్కడే దీనాన్ పట్టణంలో 674 మంది పౌరులను జర్మన్ సైనికులు చంపారు. ఆగస్టు 22న ఒక్క రోజులో 27,000 మంది ఫ్రెంచి సైనికులు చచ్చిపోయారు, అందులో చాలామంది ఎర్ర ప్యాంట్లు వేసుకుని తుపాకులకు ఎదురుగా నడిచినవాళ్ళే. ఆకులు రాలేలోపు ఇంటికి వచ్చేస్తారని కైజర్ తన సైనికులను సాగనంపాడు.

ఇంత చెప్పాక, నా అసలు కడుపుమంట ఎక్కడుందో కూడా చెబుతాను. ఈ పాఠంలో మన మాట ఎక్కడ? "ఈ యుద్ధంలో భారత సైనికులు కూడా పాల్గొన్నారు" అని ఒక వాక్యం. గుంపులో గోవింద. ఆగస్టు 4న లండన్‌లో యుద్ధం ప్రకటిస్తే మనం కూడా యుద్ధంలో ఉన్నట్టే. ఎవరినీ అడగలేదు. మొత్తం యుద్ధంలో 13 లక్షల మందిని పంపారు, 74,000 మందికి పైగా తిరిగి రాలేదు.

సెప్టెంబరు 26న భారత సైన్యపు లాహోర్ డివిజన్ సైనికులు ఫ్రాన్సులోని మార్సేల్స్ రేవులో దిగారు. ఒంటి మీద మన ఎండలకు కుట్టిన పలుచటి నూలు దుస్తులు. అక్కడే కొత్త తుపాకులు చేతికిచ్చి, అవి అలవాటు పడేలోపే అక్టోబరు చలిలో, బురదలో, బెల్జియంలో ఈప్ర దగ్గర కందకాల్లోకి దింపారు. అక్టోబరు 31న హోలెబెక్ దగ్గర 129వ బలూచీ పటాలంలోని ఖుదాదాద్ ఖాన్ మెషిన్ గన్ జట్టులో మిగతావాళ్ళందరూ చనిపోయారు. గాయపడిన అతనొక్కడే గన్ను కాలుస్తూ కూర్చున్నాడు, చచ్చాడనుకుని శత్రువు వదిలేస్తే రాత్రి పాకుకుంటూ తిరిగి వచ్చాడు. బ్రిటిష్ సైన్యంలో అత్యున్నత శౌర్య పతకమైన విక్టోరియా క్రాస్ అందుకున్న మొదటి భారత ఉపఖండపు సైనికుడు. మన పిల్లలకు ఫెర్డినాండ్ పేరు నోటికి వస్తుంది, ఇతని పేరు రాదు.

టాంగా పేరైనా విన్నారా? తూర్పు ఆఫ్రికాలో జర్మన్ రేవు. నవంబరు మొదటి వారంలో అక్కడికి మన దేశం నుంచి సుమారు 8,000 మందిని పంపారు. అందులో మద్రాసు సైన్యం నుంచి వచ్చిన 63వ పాలంకోట పటాలం, 61వ పయనీర్లు ఉన్నాయి. వారాల తరబడి ఓడల్లో కుక్కి, నేల మీద కాలు నిలవని స్థితిలో దింపారు. అంతకు ముందే బ్రిటిష్ నౌక కెప్టెన్ ఒడ్డుకు వెళ్ళి లొంగిపొమ్మని జర్మన్లను అడిగి, దాడి సంగతి తనే చెప్పి వచ్చాడు! జర్మన్ల వైపు వెయ్యి మంది కాచుకుని ఉన్నారు. ఓడిపోయాక ఆడలేక మద్దెల ఓడన్నట్టు, తప్పంతా భారతీయ సిపాయిల పిరికితనం మీదకు తోశారు. నూరేళ్ళుగా కొన్ని ఇంగ్లీషు పుస్తకాలు అదే నింద మోసుకొస్తున్నాయి. మన వైపు నుంచి ఒక్క జవాబైనా ఉండొద్దా?

మన హైదరాబాదు మాటకు వస్తాను. నిజాం సంస్థానపు లాన్సర్లు, అంటే ఈటెలు పట్టిన అశ్వికదళం, ఆ శీతాకాలంలోనే సూయజ్ కాలువ కాపలాకు ఈజిప్టు చేరారు. నవంబరులో తుర్కీ జర్మనీ పక్షాన చేరినప్పుడు, బ్రిటన్‌కే విధేయంగా ఉండండని ముస్లింలకు నిజాం విజ్ఞప్తి కూడా చేశాడు. ఢిల్లీలో తీన్‌మూర్తి కూడలిలో నిలబడి ఉన్న మూడు విగ్రహాలు జోధ్‌పూర్, మైసూరు, హైదరాబాదు లాన్సర్లకు గుర్తు. హైదరాబాదు నుంచి ఢిల్లీ వెళ్ళి దాని ముందు ఫొటోలు దిగి వచ్చిన మనవాళ్ళలో ఎంతమందికి ఆ మూడింట్లో ఒకటి తమ ఊరిదని తెలుసు?

అంతెందుకు, యుద్ధం మన గుమ్మం దాకా వచ్చింది. 1914 సెప్టెంబరు 22 రాత్రి జర్మన్ యుద్ధనౌక ఎమ్డెన్ మద్రాసు తీరానికి వచ్చి వందకు పైగా గుండ్లు పేల్చింది. బర్మా ఆయిల్ కంపెనీ ట్యాంకులు భగ్గుమన్నాయి, మనుషులు చనిపోయారు, వేల మంది మూటాముల్లె సర్దుకుని ఊరు వదిలి పరుగెత్తారు. కోస్తా, రాయలసీమ జిల్లాలన్నిటికీ అప్పట్లో రాజధాని మద్రాసే. మన రాజధాని మీద గుండ్లు పడిన సంగతి మన పాఠంలో లేదు. హైకోర్టు ప్రహరీ దగ్గర శిలాఫలకం మాత్రం ఉంది.

అడగకుండా ఈడ్చుకెళ్ళడం అక్కడితో ఆగిందా? 1939 సెప్టెంబరు 3న వైస్రాయ్ లిన్‌లిత్‌గో భారతదేశం యుద్ధంలో ఉందని ప్రకటించాడు. ఈసారి కేంద్రంలో శాసనసభ ఉంది, ఎనిమిది రాష్ట్రాల్లో కాంగ్రెసు మంత్రివర్గాలున్నాయి, అయినా ఎవరినీ అడగలేదు. ఆ మంత్రివర్గాలు రాజీనామా చేశాయి. 1942 ఏప్రిల్ 6న జపాను బాంబులు విశాఖపట్నం, కాకినాడల మీద పడ్డాయి. ఆ కథలు చెప్పే ముసలివాళ్ళు ఉత్తరాంధ్ర ఇళ్ళల్లో ఇంకా అక్కడక్కడా ఉన్నారు. 1914 సంగతి చూసి చెప్పేవాళ్ళు ఎవరూ మిగలలేదు కాబట్టి ఆ పని పుస్తకమే చేయాలి.

నేను అడిగేది రెండు పేజీలు. జూలై నెలకు ఒకటి. మార్సేల్స్, టాంగా, మద్రాసులకు ఒకటి. పాఠ్యపుస్తకాలు రాసే సంఘాల్లో మీకు తెలిసినవాళ్ళుంటే ఈ పోస్టు వాళ్ళకు పంపండి, జవాబు ఏమొచ్చినా ఇక్కడే పెట్టండి.