అమ్మ వైద్యం అమ్మనడిగే నిర్ణయించాలి

తిరుపతిలోనో చిత్తూరులోనో ఉన్న తల్లికి రొమ్ము క్యాన్సర్ మెదడుకు పాకిందని తెలియగానే, విదేశాల్లో ఉన్న పిల్లలు మొదట ఎమ్మారై రిపోర్టు వాట్సాప్‌లో తెప్పించుకొని తెలిసిన డాక్టర్లందరికీ పంపుతారు. ఆ వెంటనే, ఈ సంగతి అమ్మ చెవిన పడనీయవద్దని ఊళ్లో ఉన్న తమ్ముడికో పిన్నమ్మకో గట్టిగా చెబుతారు. మొదటి పనిని నేను తప్పుపట్టను. రెండోది మానుకోమని విదేశాల్లో ఉన్న మన సంఘం సభ్యులను వేడుకోవడానికే ఈ నాలుగు మాటలు.

వ్యాధి ఎముకకు పాకినప్పుడు రోగి తన మనసులోని మాట చెప్పడానికి సాధారణంగా కొంత వ్యవధి దొరుకుతుంది. మెదడులో గడ్డ పెరిగి చుట్టూ వాపు చేరితే, జ్ఞాపకం, మాట, మంచిచెడ్డల విచక్షణ దెబ్బతినవచ్చు. అప్పుడు వాపు తగ్గించడానికి వాడే స్టెరాయిడ్ మందు డెక్సామెథసోన్‌తో చాలామందికి ఒకటి రెండు రోజుల్లోనే తలనొప్పి, వాంతులు తగ్గుతాయి. ఆమె మునుపటిలా మాట్లాడుతుంటే జబ్బే తగ్గిందని ఇంటిల్లిపాదీ సంబరపడతారు గాని, తగ్గింది వాపు మాత్రమే. ఆ మందు రక్తంలో చక్కెరను పెంచుతుంది, నిద్రను చెడగొడుతుంది, డాక్టరును అడగకుండా ఒక్కసారిగా ఆపకూడదు కూడా. అయినా అది తెచ్చే ఆ తేటదనమే ఆమెతో కూర్చొని మాట్లాడడానికి తగిన అదను.

అడగవలసినవి చిన్న విషయాలు కావు. గడ్డలు కొన్నే ఉంటే వాటికే గురిపెట్టి ఒకటి నుంచి ఐదు విడతల్లో ముగించే రేడియోసర్జరీ, అంటే కోత లేకుండా రేడియేషన్‌తోనే చేసే చికిత్స, చేయవచ్చు. ఎక్కువగా ఉంటే తరచుగా మెదడు మొత్తానికి, సాధారణంగా రెండు వారాల్లో పది విడతలుగా, మన వైపు కరెంటు పెట్టడమని చెప్పుకొనే రేడియేషన్ ఇస్తారు. ఈ రెండో పద్ధతిలో జ్ఞాపకశక్తి మందగించే ప్రమాదం ఎక్కువ. జ్ఞాపకాలకు ఆధారమైన మెదడు భాగం హిప్పోకాంపస్‌ను తప్పించి ఇస్తే ఆ నష్టం తగ్గుతుందని 2020లో వెలువడిన అధ్యయనం చూపింది కనుక, ఆ వీలు ఉందేమో తప్పక అడగాలి. క్యాన్సర్ కణాలపై హెర్2 అనే ప్రోటీన్ ఎక్కువగా ఉండే హెర్2 పాజిటివ్ రకమైతే మందులలోనూ దారులున్నాయి. 2020 ఏప్రిల్‌లో అమెరికాలో అనుమతి పొందిన టుకాటినిబ్, మరో రెండు మందులతో కలిపి ఇచ్చినప్పుడు, మెదడుకు వ్యాధి పాకినవారి ఆయుష్షునూ పెంచింది. హెర్2 గాని, హార్మోన్ గ్రాహకాలు గాని లేని ట్రిపుల్ నెగటివ్ రకంలో అంత వెసులుబాటు లేదు. ఇవి వెదికి పట్టుకోవడంలో దూరాన ఉన్న పిల్లల చదువు నిజంగా అక్కరకొస్తుంది.

అయితే కొన్ని నెలల అదనపు ఆయుష్షు కోసం వేలూరులో గది తీసుకొని వారాల తరబడి ఉండడమా, తిరుపతిలోని పెద్దాసుపత్రి స్విమ్స్‌లోనో అలిపిరి దగ్గర 2022లో ప్రారంభమైన టాటా ట్రస్టుల క్యాన్సర్ ఆసుపత్రిలోనో చేయించుకొని సాయంత్రానికి ఇల్లు చేరడమా, నొప్పి లేకుండా చూసే ఉపశమన వైద్యంతోనే సరిపెట్టుకోవడమా అన్నది ఏ పరిశోధనా చెప్పలేదు. చెబితే కుంగిపోతుందని మనం భయపడతాం. కీమోను, ఊడిన జుట్టును భరించిన మనిషికి తన తలలో ఏదో జరుగుతోందని తెలియదా? తెలిసీ ఎవరితోనూ అనలేక ఒంటరిగా మోయడం అంతకంటే పెద్ద బాధ.

తాను చెప్పలేని స్థితి వస్తే చివరి దశలో ఏ వైద్యం వద్దో తన ఇష్టాన్ని ముందే రాసిపెట్టే హక్కును సుప్రీంకోర్టు 2018లో గుర్తించి, 2023లో ఆ పద్ధతిని సులభం చేసింది. ఇద్దరు సాక్షుల ఎదుట సంతకం చేసి, నోటరీ లేదా గెజిటెడ్ అధికారి చేత ధ్రువీకరింపజేస్తే చాలు. సెలవును చివరి రోజులకు దాచుకోకుండా, రేడియేషన్ మొదలుకాక ముందే వచ్చి, ఆమెను డాక్టరు ఎదుట కూర్చోబెట్టి, ఏం కావాలో ఆమె నోటనే చెప్పనివ్వండి.