తనకంటే తానే పెద్దదైన బైటు

మన ఇంజినీరింగ్ కాలేజీల సీ ప్రోగ్రామింగ్ ల్యాబ్ వైవాలో చావులేని ప్రశ్న ఒకటుంది: "నియర్, ఫార్, హ్యూజ్ పాయింటర్లకు తేడా ఏమిటి?" (పాయింటరంటే మెమరీలో ఒక చోటి అడ్రస్‌ను దాచుకునే వేరియబుల్.) పిల్లాడి ముందున్న సిస్టమ్‌లో 8 జీబీ ర్యామ్ ఉంటుంది. దాని మొహం చూడనివ్వకుండా పాత డాస్ కంప్యూటర్‌లా నటించే డాస్‌బాక్స్‌లో టర్బో సీ అనే నీలం రంగు పాత కంపైలర్ తెరిపించి, వాణ్ణి 1981లోకి తోసి మరీ అడుగుతారు. సంప్రదాయం నిలబెట్టడమంటే మాటలా!

1981 నాటి ఐబీఎం పీసీలో 8088 చిప్. రిజిస్టర్లేమో 16 బిట్లు, అడ్రసేమో 20 బిట్లు. అందుకని అడ్రస్‌ను సెగ్మెంట్ (మెమరీలో ఏ ముక్క), ఆఫ్‌సెట్ (ఆ ముక్కలో ఎంత దూరం) అని రెండుగా విడగొట్టి, సెగ్మెంట్‌ను 16తో హెచ్చవేసి ఆఫ్‌సెట్ కలపమన్నారు. ఫలితంగా దాదాపు ప్రతి బైటుకూ 4096 అడ్రస్‌లు, అన్నీ సరైనవే. హైదరాబాద్ డోర్ నంబర్లను తిట్టుకునేవాళ్లు ఒకసారి ఇటు రండి.

క్యాప్స్ లాక్ పడిందో లేదో రాసుకునే బైటు ఒకటుంది. దాన్ని 0040:0017 అనొచ్చు, 0000:0417 అనీ అనొచ్చు (ముందు సెగ్మెంట్, తర్వాత ఆఫ్‌సెట్, రెండూ హెక్సాడెసిమల్ అంకెల్లో). నియర్ పాయింటర్ ఆఫ్‌సెట్ ఒక్కటే మోస్తుంది, ఫార్ పాయింటర్ రెండూ మోస్తుంది కాబట్టి, వీటిని ఫార్ పాయింటర్లుగా పెట్టి సమానమా అని అడగండి. కాదంటుంది టర్బో సీ. పోనీ, ఏది పెద్దదని అడగండి. ఈసారి సెగ్మెంట్ వైపు కన్నెత్తకుండా ఆఫ్‌సెట్లు మాత్రమే చూసి, రెండోదే పెద్దదని తీర్పిస్తుంది. అంటే ఆ బైటు తనకంటే తానే పెద్దది! వేదాంతులు కూడా ఇంత దూరం వెళ్లినట్టు లేదు. ఈ పరువు కాపాడేది హ్యూజ్ పాయింటర్. ఒక్కో బైటుకు ఒకే రూపం ఉండేలా లెక్క సరిచేస్తుంది, కాస్త నెమ్మదిగా.

అప్పటివాళ్లకు ఇది బతుకుదెరువు. 640 కేబీలోనే డాస్, ప్రోగ్రామ్, డేటా సర్దుకోవాలి. 1985లో 386 చిప్ 32 బిట్ల ఆఫ్‌సెట్ ఇచ్చి ఈ పీడ వదిలించుకునే దారి చూపింది. మన వైవాకు ఆ కబురు ఇంకా అందలేదు.

సరే, పాతదే నేర్పండి. కానీ నేర్పండి! అదే టర్బో సీలో, స్మాల్ మోడల్‌లో (కోడ్‌కు ఒక సెగ్మెంట్, డేటాకు ఒక సెగ్మెంట్ ఉండే పద్ధతి), ప్రోగ్రామ్ అయిపోయాక ఒక్కోసారి "నల్ పాయింటర్ అసైన్‌మెంట్" అని ఒక లైను పడుతుంది. డేటా సెగ్మెంట్ మొదట్లో టర్బో సీ తయారుచేసిన బోర్లాండ్ వాళ్ల కాపీరైట్ వాక్యం ఉంటుంది. నువ్వు ఎక్కడికీ చూపించని పాయింటర్‌తో దాని మీద ఏదో గీకేశావని, చివర్లో సరిచూసి చెబుతోందన్నమాట. మెమరీ గురించి ఆ ల్యాబ్ మొత్తంలో దొరికే అసలు పాఠం అదొక్కటే. పిల్లాడు భయపడి పిలిస్తే సార్ ఏమంటారు? "అదంతే వస్తుందిలే, పట్టించుకోకు." ఎందుకొస్తుందయ్యా? ఎవరు రాయించారు? మెమరీ అడిగే మాలాక్ రాసినచోట దాన్ని తిరిగిచ్చే ఫ్రీ ఏదని ఒక్కరైనా అడిగారా? తప్పు జరిగిందని మెషీనే నోరు తెరిచి మొత్తుకుంటుంటే, రికార్డులో అవుట్‌పుట్ రాసేటప్పుడు ఆ చివరి లైను ఎగ్గొట్టమంటారు. పిల్లలు బుద్ధిగా ఎగ్గొడతారు, స్కేలుతో కింద గీత గీస్తారు. నీట్‌నెస్‌కు వేరే మార్కులు.