గ్రిడ్‌లో కనిపించేది డేటాబేస్ కాదండి బాబూ

"డేటాగ్రిడ్‌వ్యూలో రికార్డులు చూపించడానికి మూడు లైన్లు చాలు, కనెక్షన్ ఓపెన్ చెయ్, ఫిల్ కొట్టు, డేటాసోర్స్ ఇచ్చెయ్, ఇక గ్రిడ్‌లో ఏది మార్చినా డేటాబేస్‌లో మారిపోద్ది, లక్షల రికార్డులున్నా ఢోకా లేదు, కనెక్షన్ మాత్రం ప్రోగ్రాం అయ్యేదాకా మూయకు, స్లో అవుద్ది." డాట్‌నెట్‌లో విండోస్ ప్రోగ్రాములు రాసేవాళ్ళ మధ్య ఈ టిప్ ఒకటి తెగ తిరుగుతోంది, డేటాగ్రిడ్‌వ్యూ అంటే విండోలో రికార్డుల్ని పట్టికలా చూపించే కంట్రోల్. మూడు లైన్లలో రికార్డులు కనిపిస్తాయి, కాదన్ను. మిగతాదంతా తప్పే.

ముందు ఆ "మారిపోద్ది" సంగతి. ఫిల్ (డేటాబేస్‌కీ మనకీ మధ్య రికార్డులు మోసే డేటా అడాప్టర్‌లోని మెథడ్) కొట్టగానే రికార్డులు డేటాటేబుల్‌లోకి, అంటే మన సిస్టమ్ మెమరీలోకి కాపీ అవుతాయి, గ్రిడ్ చూపించేది ఆ కాపీనే. 50 తీసి 60 కొడితే కాపీలో మారి, ఆ రో మీద మోడిఫైడ్ అని గుర్తు పడుద్ది, అంతే. అడాప్టర్ మీద అప్‌డేట్ పిలిచేదాకా డేటాబేస్‌కి ఆ విషయమే తెలీదు. ఆ అప్‌డేట్ కమాండ్ మనమైనా రాయాలి, మన సెలెక్ట్ క్వెరీ చూసి తనే కమాండ్లు తయారుచేసే కమాండ్‌బిల్డర్‌తో అయినా రాయించుకోవాలి, బిల్డర్‌కేమో సెలెక్ట్‌లో ఒకటే టేబుల్ ఉండాలి, ఒక్కో రికార్డుని విడిగా గుర్తుపట్టే దాని ప్రైమరీ కీ గానీ యూనిక్ కాలమ్ గానీ రావాలి, రెండు టేబుళ్ళు జాయిన్ చేసి ఇచ్చామా చేతులెత్తేస్తుంది.

అప్‌డేట్ రాశాక కూడా నేను ఒకసారి దెబ్బ తిన్నా. సేవ్ బటన్ టూల్‌స్ట్రిప్‌లో, అంటే విండోలో ఉండే బటన్ల పట్టీలో పెట్టా, అన్నీ సేవ్ అవుతున్నాయి, చివర మార్చిన రో ఒక్కటే పోతోంది! రోజంతా క్వెరీని అనుమానించా, తీరా చూస్తే ఆ బటన్ నొక్కినా ఫోకస్ గ్రిడ్ వదలదు, రో ఇంకా ఎడిట్‌లోనే ఉంటుంది. సేవ్‌కి ముందు ఫామ్‌ని వాలిడేట్ చేసి గ్రిడ్‌కీ డేటాటేబుల్‌కీ మధ్య పెట్టిన బైండింగ్‌సోర్స్ మీద ఎండ్ఎడిట్ పిలిస్తే సరిపోయింది.

కనెక్షన్ మూయొద్దనేది ఇంకో వింత. అసలు ఫిల్‌కి ఓపెన్ లైనే అక్కర్లేదు, మూసి ఉంటే అదే తెరుచుకుని అదే మూసేస్తుంది. ఎస్‌క్యూఎల్ సర్వర్‌కి వాడే క్లయింట్‌లో పూలింగ్ మామూలుగానే ఆన్‌లో ఉంటుంది కాబట్టి మనం క్లోజ్ అన్నా కనెక్షన్ పూల్‌లోకి వెళ్ళి కూర్చుంటుంది, మళ్ళీ ఓపెన్ అంటే దాన్నే ఇస్తుంది. ఇంక స్లో ఎక్కడ? తెరిచి వదిలేస్తే మాత్రం ప్రతి యూజర్ సర్వర్ మీద ఒక కనెక్షన్ పట్టుకుని కూర్చుంటాడు, మధ్యలో నెట్‌వర్క్ ఒక్కసారి తెగితే ఆ కనెక్షన్ పనికిరాకుండా పోవచ్చు.

లక్షల రికార్డులు ఫిల్ చేయడమంటే అన్నీ మెమరీలోకి లాగడమే, అదీ విండో నడిచే థ్రెడ్ మీదే చేస్తే టైటిల్ బార్‌లో "నాట్ రెస్పాండింగ్" చూస్తూ కూర్చోవాలి, పైగా కాలమ్ ఆటోసైజ్ ఆల్‌సెల్స్ పెడితే ప్రతి సెల్లూ కొలుచుకుంటూ పోతుంది. అయినా లక్ష వరసలు స్క్రోల్ చేసి చూసేదెవరండీ? క్వెరీలో ఏ రికార్డులు కావాలో చెప్పే వేర్‌లో పారామీటర్ పెట్టి కావాల్సినవే తెండి, లేదా ఎస్‌క్యూఎల్ సర్వర్ 2012 నుంచి ఉన్న ఆఫ్‌సెట్ ఫెచ్‌తో పేజీల్లా తెండి. నిజంగా అన్నీ చూపించాల్సిందే అంటే వర్చువల్ మోడ్ ఆన్ చేసి, సెల్‌వాల్యూనీడెడ్ ఈవెంట్‌లో గ్రిడ్ అడిగిన సెల్‌కి మాత్రం విలువ ఇవ్వండి. అది మూడు లైన్లలో అవ్వదు మరి.