మడి గదిలో పంచాంగం

ఇంట్లో దిగడానికీ ఖాళీ చేయడానికీ ఉన్న తేడా బెంగళూరు తెలుగువాళ్లకు నేను చెప్పాలా? దిగేటప్పుడు 10 నెలల అడ్వాన్సు, వెళ్లేటప్పుడు పెయింటింగ్ పేరుతో ఒక నెల కోత. మారతహళ్లిలో మా ఓనరుగారు మామూలుగా తెలుగే మాట్లాడతారు. అడ్వాన్సు మాటెత్తితే మాత్రం కన్నడంలోకి మారిపోతారు. ఈ ఊళ్లో 12 ఏళ్లు అద్దెకున్నాక కూడా సాఫ్ట్‌వేర్ దించడం, తీసేయడం చెరో లైన్ పని అని నమ్మానంటే తప్పు నాదే.

2025 ఉగాదికి మూడు రోజుల ముందు తెనాలి నుంచి అమ్మ ఫోన్ చేసింది. "ఒరేయ్, తాతయ్య తద్దినం చైత్ర శుద్ధ దశమి. ఏ తారీఖున పడిందో చూసి చెప్పు. కళ్లజోడు విరిగింది, క్యాలెండర్లో చీమలబారు తప్ప ఏమీ కనపడటం లేదు. శాస్త్రిగారికి ముందే చెప్పుకోవాలి."

ఫోన్లోనే వెతికితే అర నిమిషంలో తేలేది. కానీ టెర్మినల్ (కంప్యూటరుకు ఆజ్ఞలు టైపు చేసే తెర) తెరిచే అలవాటున్నవాడు అలాంటి చవకబారు పనులు చేయడు. తేదీల మార్పిడికి పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో లైబ్రరీ, అంటే ఎవరో ముందే రాసిపెట్టిన కోడ్, ఉంది. అందులో యూదుల క్యాలెండరు, ఇస్లామిక్, పర్షియన్, మాయన్, చివరికి ఫ్రెంచి విప్లవకారులది కూడా ఉంది. మనదీ ఉంది. పైథాన్ లైబ్రరీలను దించే, తీసేసే పనిముట్టు పేరు పిప్. పిప్ ఇన్‌స్టాల్ అని కొట్టాను.

నా కంప్యూటరును నడిపే ఉబుంటు (లినక్స్‌లో ఒక రకం) గుమ్మంలోనే ఆపింది. ఇక్కడి పైథాన్ సిస్టమ్‌ది, దాన్ని ముట్టుకోకు అంది. కాదూ కూడదంటే కమాండ్‌కు తగిలించే ఒక స్విచ్ ఉందని కూడా తనే చెప్పింది. దాని పేరు 'బ్రేక్ సిస్టమ్ ప్యాకేజెస్'. అంటే సిస్టమ్‌ను పాడుచేసుకోవడానికి కూడా ఒక పద్ధతి పెట్టి, దానికి దాపరికం లేని పేరు పెట్టారన్నమాట. ప్రభుత్వ పథకాలకు పేర్లు పెట్టేవాళ్లు ఇది గమనించాలి.

అసలు చేయాల్సింది వేరే. వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ అని ఒక గది కట్టి, లైబ్రరీని అందులో దించాలి. ఆ మాటకు తెలుగు ఏమిటని పరిభాష పండితులు జుట్టు పీక్కోనక్కర్లేదు. మడి. లోపలిది బయట తగలదు, బయటిది లోపల తగలదు, పనయ్యాక ఆ ఫోల్డరు మొత్తం చెరిపేస్తే మైల ఉండదు. మా నాయనమ్మ తడిబట్ట కట్టుకుని ఏ కంప్యూటరూ లేకుండా రోజూ చేసిన పనే ఇది. నేను తొందరలో ఉన్నాను. స్విచ్ వేశాను.

పది సెకన్లలో దిగింది. పెళ్లికూతురి వెంట వచ్చినట్టు మరో లైబ్రరీ కూడా దిగింది. బెల్జియం ఖగోళ శాస్త్రవేత్త జాన్ మేయుస్ సూత్రాలతో సూర్యచంద్రుల స్థానాలు లెక్కగట్టేది అది. చంద్రుణ్నే వెంటబెట్టుకొచ్చింది, ఇక తిథికేం లోటని చైత్రం 10 అని ఇచ్చాను. మార్చి 31 అంది. అమ్మకు చెప్పేశాను.

"ఉగాది 30న కదరా. మర్నాడే దశమి ఎలా వస్తుంది? ఉగాది పచ్చడి గిన్నె కూడా కడిగి ఉండం."

యంత్రం తప్పు చెప్పలేదు. అది చెప్పింది భారత ప్రభుత్వం వారి చైత్రం. 1952లో భౌతిక శాస్త్రవేత్త మేఘనాథ్ సాహా అధ్యక్షతన ఒక సంఘం వేశారు, దేశంలో ఉన్న 30 దాకా పంచాంగాల మధ్య ఏకాభిప్రాయం తెమ్మని. మూడేళ్లకు నివేదిక వచ్చింది. 1957 మార్చి 22ను శక సంవత్సరం 1879, చైత్రం 1గా ప్రకటించారు. అప్పటినుంచి చైత్రం ఏటా మార్చి 22నే మొదలవుతుంది, లీపు సంవత్సరమైతే 21న. శుద్ధం లేదు, బహుళం లేదు, అధికమాసం అసలే లేదు. ముప్పై పంచాంగాల తగువు తీర్చబోయి ముప్పై ఒకటోది చేతికిచ్చారు. గెజిట్ మీద ఆ తేదీ వేస్తారు, ఆకాశవాణి చదువుతుంది, ఆ తేదీన ఎవరి ఇంట్లోనూ పప్పు ఉడకదు. లైబ్రరీ 'భారతీయ' అన్నది దాన్నే. చంద్రుడి లెక్క తెలిసినవాడు పక్కనే కూర్చున్నా, ఆ భాగం అతణ్ని ఒక్క మాట అడగదు.

ఆ 2025లో శ్రీరామనవమి ఏప్రిల్ 6, దశమి 7. ఈ సంగతి పక్కింటి ఐదో తరగతి పిల్ల అమ్మకు చదివి పెట్టింది.

నేను రోషంతో అన్‌ఇన్‌స్టాల్ కొట్టాను. పిప్ మర్యాదస్తుడు. ఏయే ఫైళ్లు పోతాయో చూపించి, కానివ్వమంటారా అని అడిగింది. (మా ఓనరుగారు కోతల జాబితా ఇంతవరకు కాగితం మీద చూపించలేదు.) వై నొక్కాను. లైబ్రరీ పోయింది. వెంట వచ్చిన చుట్టం మాత్రం పోలేదు, పిప్‌కు ఆ అలవాటు లేదు. పేర్లు చూసి నేనే ఒక్కొక్కటి ఏరిపారేశాను. ఆ ఊపులో టైమ్‌జోన్ల లైబ్రరీ ఒకటి కూడా పోయింది. దాని మీద ఇంకెవరైనా బతుకుతున్నారా అని పిప్ అడగలేదు. సోమవారం ఉదయం, టీమ్ షిఫ్టుల పట్టిక తయారుచేసే నా చిన్న ప్రోగ్రాము, అదే స్క్రిప్టు, 'మాడ్యూల్ నాట్ ఫౌండ్' అని ఒక్క ముక్క చెప్పి పడుకుంది. పిప్ చెక్ అని ఇంకో కమాండ్ ఉంది, ఏది లేక ఏది ఆగిపోయిందో చెబుతుంది. అంతా అయిపోయాక పరామర్శకు వచ్చే బాపతు.

ఈ విషయంలో ఇంగ్లండ్ నయం. 1752లో క్యాలెండరు మార్చుకున్నప్పుడు 11 రోజులు తీసేసి ఊరుకుంది. లినక్స్‌లో క్యాల్ 9 1752 అని కొట్టండి, సెప్టెంబరు 2 పక్కన నేరుగా 14 ఉంటుంది. ఏ స్క్రిప్టూ ఆగలేదు, అప్పటికి స్క్రిప్టులు లేవు కాబట్టి.

కొత్త కళ్లజోడు వచ్చాక అమ్మ, తెనాలి కిరాణా కొట్టువాళ్లు ఇచ్చిన గోడ క్యాలెండర్ ఇంకోటి సంపాదించి బస్సు పార్సిల్లో పంపింది. "ఒక్క మేకు కొట్టుకుంటే సరిపోతుంది నాన్నా" అంది. గోడకు మేకు కొట్టుకోవచ్చా అని ఓనరుగారిని అడిగాను. ఆయన కన్నడంలో మొదలుపెట్టారు.